జీపు దిగిన పాట

శుక్రవారం మధ్యాహ్నం అన్నం తిని చెయ్యి కడుక్కోగానే వెంకటేశం గోదాములోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంటాడు. కోరుట్లలో మెట్‌పల్లికి పోయే రోడ్డు పక్కన, అతను పనిచేసే టెంట్ హౌస్ వారి గోదాము అది. ఒక వైపు పైకప్పు దాకా పేర్చిన ప్లాస్టిక్ కుర్చీలు, ఇంకో వైపు పెండ్లి వంటల గంజులు, నడుమ చుట్టిపెట్టిన తివాచీలు. ఒక తివాచీ చుట్ట మీద కాలు మడిచి కూర్చుని, సంచిలోంచి క్లారినెట్ ముక్కలు తీసి ఒకదానికొకటి బిగిస్తాడు. రీడును కాసేపు నోట్లో పెట్టుకుని తడుపుతాడు. ఎదురుగా ఒక గంజును బోర్లించి, దాని మీద ఎర్రకోటు మడిచి వేసి, కోటు మడతలో ఫోను నిలబెడతాడు. భుజాల మీద జరీ వెలిసిపోయిన ఆ కోటు ఒకప్పుడు అతను బ్యాండులో తొడుక్కున్నదే.

బయట గంజులు తోముతున్న అతని భార్య మొగిలవ్వ గొంతు వినిపిస్తుంది.

"షురువైందా నీ కచేరి? ఊదు ఊదు. కుర్చీలన్న ఇంటయ్."

"నువ్వింటలేవా ఏంది?"

"పెండ్లైన కాడికెల్లి ఇంటున్న. చెవులు మూసుకుందామంటే చేతులు కాళీ ఉంటలేవాయె."

వెంకటేశం నవ్వుకుని ఊపిరి తీసుకుంటాడు. పాట మొత్తం వాయించడు. పల్లవి రాకముందు వచ్చే చిన్న ముక్క, అదీ గుర్తుపట్టబోయే చోటికి వచ్చేసరికి ఆపేస్తాడు. ఆ ముక్కను ఫోనులోకి ఎక్కించి దోస్తుల గ్రూపులోకి పంపిస్తాడు. పంపి, గోడకు వీపు ఆనించి, ఇక చూడండిరా అన్నట్టు కూర్చుంటాడు.

ముందు జగిత్యాల నుంచి లచ్చయ్య గొంతు వస్తుంది. బస్టాండు దగ్గర టీ కొట్టు అతనిది. గ్లాసుల చప్పుడు మధ్యలోంచి ఘంటాపథంగా చెప్తాడు.

"గిది గుర్రం తన్నిన పాట."

సిరిసిల్ల నుంచి నర్సన్న అందుకుంటాడు. అతను కార్ఖానాలో మరమగ్గాలు నడుపుతాడు. మగ్గాలను అక్కడ సాంచాలంటారు. సాంచాల మోతలో గొంతు చించుకుంటే తప్ప మాట వినపడదు కాబట్టి, ఇంట్లో ఉన్నా నర్సన్న అరిచే మాట్లాడతాడు.

"కాదు లచ్చన్నా! గుర్రం తన్నిన పాటకు మొదలు డ్రమ్ముంటది! గిది సావుకారు ధోతి ఊడిన పాట!"

అప్పుడు మస్కట్ నుంచి సామేలు దిగుతాడు.

"థూ! మీ చెవులల్ల దూది గుక్క. ఇద్దరిదీ తప్పే. గిది జనరేటర్ బందైన పాట. బీర్పూర్ల లైట్లన్ని పోయినంక చీకట్ల కొట్టలే? పెండ్లికొడుకు అనుకొని పెండ్లికొడుకు మామను ఎత్తుకొని ఎగిరిండ్రు. మర్సిపోయిన్రా?"

సామేలు చెప్పాడంటే ఇక అప్పీలు లేదు. వెంకటేశం ఒప్పుకుంటాడు. మిగతా ఇద్దరూ గొణుగుతారు. గెలిచినవాడు వచ్చే శుక్రవారం పొడుపు వేయాలి. అదీ ఆట.

కొత్తగా విన్నవాళ్లకు ఇవేం పాటల పేర్లని నవ్వు వస్తుంది. కానీ ఈ నలుగురికీ పాటలకు వేరే పేర్లు లేవు. జగిత్యాలలో ఒకే బ్యాండు సెట్టులో కలిసి పనిచేసినవాళ్లు వీళ్లు. వెంకటేశం క్లారినెట్, నర్సన్న ట్రంపెట్, లచ్చయ్య పెద్ద డ్రమ్ము, సామేలు మెడకు వేలాడేసుకునే చిన్న డ్రమ్ము. సినిమాలు చూసే తీరిక వాళ్లకు ఉండేది కాదు. ఓనరు ఎక్కడినుంచో క్యాసెట్ తెచ్చి వినిపిస్తే, విని నేర్చుకుని, సాయంత్రానికి రోడ్డు మీద వాయించడమే. ఆ పాట ఏ సినిమాలోదో, ఎవరు పాడారో ఎవరికీ పట్టేది కాదు. అయితే పెండ్లి ఊరేగింపు, అదే బరాత్, నడుస్తుంటే, ముందు నడిచేవాడు వెనకవాళ్లకు తర్వాతి పాట ఏదో చెప్పాలి కదా. ఆ గోలలో పెద్ద మాటలు వినబడవు. "గుర్రం!" అని ఒక్క కేక వేస్తే చాలు. ఏ పెండ్లిలో గుర్రం బెదిరి పెండ్లికొడుకు చిన్నాయనను తన్నిందో, అప్పుడు ఏ పాట మోగుతోందో అందరికీ గుర్తే. అట్లా ఒక్కో పాటకూ ఒక్కో పెండ్లి పేరు అతుక్కుపోయింది.

ఆట మొదలైన కొత్తల్లో నర్సన్న మేనల్లుడు, ఇంత కష్టమెందుకు మామా అని, తన ఫోనుకు క్లారినెట్ ముక్క వినిపించి సినిమా పేరు రాబట్టాడు. నర్సన్న దాన్ని గొప్పగా పంపాడు. సామేలు దగ్గర అది చెల్లలేదు.

"సినిమా పేరు ఎవనికి కావాలె నర్సన్నా? ధోతి ఎవనిది ఊడిందో గది చెప్పమను నీ ఫోనును."

ఆ తర్వాత ఎవరూ ఫోనును అడగలేదు.

వెంకటేశం సొంతూరు బీర్పూర్. తండ్రి తాడిచెట్లు ఎక్కి కల్లు గీసేవాడు. కొడుకూ అదే పని నేర్చుకుంటాడని నడుముకు మోకు కట్టి ఎక్కిస్తే, వెంకటేశం చెట్టు సగం దాకా పోయి, కళ్లు మూసుకుని మానును కావలించుకుని ఉండిపోయాడు. పైకీ పోడు, కిందికీ రాడు. చివరికి తండ్రే ఎక్కి, తిట్టుకుంటూ దింపుకొచ్చాడు. "నీకు నేల మీది పనే సూసుకో కొడుకా" అన్నాడు. ఆ ఏడే ఊళ్లోకి పెండ్లి బ్యాండు వచ్చింది. క్లారినెట్ వాయించే ముసలాయన వెనకాలే వెంకటేశం పక్క ఊరి దాకా నడిచిపోయాడు. ఆయన కాళ్లూ వేళ్లూ పట్టి నేర్చుకున్నదే తప్ప, కాగితం మీద స్వరం ఎట్లా రాస్తారో ఈ రోజుకీ తెలియదు. ఒకసారి విన్నది మర్చిపోడు, అంతే.

తర్వాత కాలం మారింది. ట్రాక్టరు మీద గోడలంత డబ్బాలు పెట్టుకుని డీజేలు వచ్చాయి. ఆ డబ్బాల ముందు నలుగురు మనుషుల ఊపిరి ఎంత? బ్యాండు ఓనరు ఎర్రకోట్లు పంచిపెట్టి దుకాణం మూశాడు. వెంకటేశం కొన్నేండ్లు దుబాయ్‌లో హెల్పర్‌గా సిమెంటు మోసి, నడుము నొప్పితో తిరిగొచ్చి, కోరుట్లలో టెంట్ హౌస్‌లో కుదిరాడు. డీజే డబ్బాలు కూడా ఆ గోదాములోనే ఉంటాయి. వాటి మీద దుమ్ము దులిపేది అతనే. మొగిలవ్వ అప్పుడప్పుడు "శత్రువుకు స్నానం పోస్తున్నవా?" అని నవ్వుతుంది. నర్సన్న ట్రంపెట్ అమ్మేసి సాంచాల మీదికి పోయాడు. లచ్చయ్య టీ కొట్టు పెట్టాడు. అందరికన్నా చిన్నవాడు, కోనరావుపేట సామేలు, మస్కట్‌కు పోయాడు. వచ్చేటప్పుడు అందరూ నోరు తెరిచేంత కొత్త డ్రమ్ము తెస్తానని, మళ్లీ బ్యాండు పెడదామని, బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి మరీ చెప్పిపోయాడు.

ఆ సామేలు ఉన్నట్టుండి మాట్లాడటం మానేశాడు.

ముందు ఒక శుక్రవారం పొడుపుకు జవాబు రాలేదు. ఓవర్‌టైం పడిందేమో అనుకున్నారు. తర్వాతి శుక్రవారమూ అంతే. లచ్చయ్య "గుర్రం" అన్నా, నర్సన్న "ధోతి" అన్నా తిట్టే దిక్కు లేదు. వెంకటేశం ఫోను చేస్తే మోగుతుంది, ఎత్తడు. కానీ పంపిన ముక్క కింద నీలం గీతలు పడుతున్నాయి. అంటే వింటున్నాడు. విని ఊరుకుంటున్నాడు.

"తమ్మీ, ఏమైందిరా? పానం మంచిగున్నదా? ఒక్క మాట చెప్పు," అని నర్సన్న అరిచి అరిచి పంపాడు. నీలం గీతలు పడ్డాయి.

"సామేలూ, పైసల తక్లీఫ్ ఉంటె చెప్పు, సిగ్గు పడకు," అని లచ్చయ్య మెల్లగా, గ్లాసుల చప్పుడు ఆపి మరీ పంపాడు. దానికీ నీలం గీతలే.

ఒకరోజు పొద్దున కోనరావుపేట నుంచి సామేలు భార్య బాలమణి ఫోను చేసింది. ఆమె బీడీలు చేస్తుంది. ఎప్పుడు మాట్లాడినా వెనక తునికాకు కత్తిరించే కత్తెర శబ్దం వినిపిస్తుంది. ఆ రోజు వినిపించలేదు.

"వెంకటన్నా, ఆయన మీతోనన్న మాట్లాడుతుండా?"

వెంకటేశం అబద్ధం చెప్దామా అనుకుని మానుకున్నాడు. "లేదు చెల్లె. ఇంటుండు గని మాట్లాడతలేడు. నీతోని?"

"ఫోన్ చేస్తడు. 'మంచిగున్న, పిల్లలు పైలం' అంటడు, పెట్టేస్తడు. నేనేమన్న అడిగేలోపల్నే పెట్టేస్తడన్నా. మునుపు గట్ల కాదు. మా పక్కింటోళ్ల కోడి గుడ్డు పెట్టిందా లేదా గది గూడ అడుగుతుండె." ఆమె గొంతు తగ్గించింది. "పోయిన ఏడు మా అమ్మగారి ఊరాయన గిట్లనే మాట బందు చేసిండు. అటెంక వార్త అచ్చింది. నాకు రాత్రి నిద్ర పడ్తలేదన్నా."

ఆ వార్త ఏమిటో వెంకటేశం అడగలేదు. అడగాల్సిన అవసరం ఆ చుట్టుపక్కల ఎవరికీ ఉండదు.

మెట్‌పల్లిలో కుర్చీలు దింపడానికి పోయినప్పుడు, మస్కట్ నుంచి కొత్తగా వచ్చిన ఒకతన్ని పట్టుకుని అడిగాడు. సామేలు పనిచేసే కంపెనీ మూతపడిందట. సేటు పత్తా లేడట. వందలమంది క్యాంపులోనే కూర్చున్నారట, ఇంటికి పంపే కాగితాల కోసం. వెంకటేశానికి సగం అర్థమైంది. డ్రమ్ము తెస్తానన్నవాడు. చేతులు ఊపుకుంటూ వస్తున్నానని ఎట్లా చెప్తాడు? తను దుబాయ్‌లో నడుము పట్టేసి పడుకున్నప్పుడు కూడా ఫోను మోగుతుంటే గోడ వైపు తిరిగినవాడే. అడిగేకొద్దీ గోడకు ఇంకా దగ్గరగా జరగాలనిపిస్తుందని అతనికి తెలుసు. మరి అడగకుండా మాట్లాడించేదెట్లా?

దారి చూపించింది లచ్చయ్య. అదీ తనకు తెలియకుండానే.

ఆ శుక్రవారం వెంకటేశం అందరికీ తెలిసిన తేలిక పాట వాయించాడు. మనసు బాగా లేక ఏదో ఒకటి వాయించాడు, అంతే. అది గుర్రం తన్నిన పాటే. లచ్చయ్య ప్రతివారం దేనికైనా "గుర్రం" అనేవాడు, ఆ ఒక్కరోజు మాత్రం అనలేదు. "గిది జనరేటర్ బందైన పాట," అన్నాడు బాగా ఆలోచించి.

వెంకటేశం కళ్లు ఫోను మీదే ఉన్నాయి. తెర పైన 'సామేలు రికార్డు చేస్తున్నారు' అని అక్షరాలు వెలిగాయి. అతను తివాచీ మీదినుంచి లేచి నిలబడ్డాడు. అక్షరాలు కాసేపు వణికాయి. ఆరిపోయాయి. ఏమీ రాలేదు.

"మొగిలీ! జల్ది రా ఇటు!"

మొగిలవ్వ చేతులకు బూడిదతోనే పరుగెత్తుకొచ్చింది. "ఏమైందయ్యా? తేలు కుట్టిందా?"

"సామేలు నోరు తెరిసిండు! తెరిసి మూసిండు! మనం 'ఎట్లున్నవ్' అంటె పలుకుతలేడు. లచ్చన్న తప్పు చెప్తె మాత్రం ఆగలేకపోయిండు."

మొగిలవ్వ కొంగుతో చెయ్యి తుడుచుకుంటూ ఆలోచించింది. "గయితే చిన్న తప్పు సాలది. ఆయన కడుపు మండేటంత తప్పు చెప్పుండ్రి."

సామేలు కడుపు మండేంత తప్పు ఏది? ఆ జవాబుకు వెంకటేశం ఎంతోసేపు వెతుక్కోలేదు. బ్యాండులో సామేలు పేరు మీద ఒక పాట ఉంది. జీపు దిగిన పాట.

అది సామేలు పెండ్లినాటిది. బ్యాండులో ఒక కట్టుబాటు ఉండేది. తమలో ఎవరి పెండ్లి అయినా మిగతావాళ్లు ఉత్తపుణ్యానికి వాయిస్తారు, కానీ పెండ్లికొడుకు మాత్రం వాయించకూడదు. ఆ రోజు అతను దొర. అందుకని సామేలు బదులు డ్రమ్ము కొట్టడానికి ఎవరో కుర్రవాణ్ని మాట్లాడారు. కోనరావుపేటలో చర్చి నుంచి ఇంటిదాకా బరాత్. తెల్ల అంగీ, మెడలో గులాబీల దండ, పక్కన ముసుగులో బాలమణి. పైకప్పు లేని జీపులో సామేలు మంచిగానే కూర్చున్నాడు. పాట మొదలైంది. కుర్రవాడు తాళం పరుగెత్తిస్తున్నాడు. సామేలు ముందు పళ్లు నూరాడు. తర్వాత జీపు రేకు మీద వేళ్లతో సరైన తాళం కొట్టి చూపించాడు. కుర్రవాడు చూడలేదు. మలుపు దగ్గర ఇక ఓర్చుకోలేక, నడుస్తున్న జీపులోంచి దూకి, డ్రమ్ము గుంజుకుని, దండ మీదినుంచే మెడకు తగిలించుకున్నాడు. ఇల్లు చేరేదాకా దింపలేదు. గులాబీలన్నీ నలిగి అంగీ ఎర్రగా అయ్యింది. జీపులో బాలమణి ఒంటరిగా ఊరేగింది. ఆడవాళ్లు "గిదేం పెండ్లికొడుకే" అని బుగ్గలు నొక్కుకుంటుంటే, ముసుగు కింద ఆమె నవ్వు ఆపుకోలేక వంగిపోయింది. సిగ్గుపడుతోందని అందరూ అనుకున్నారు.

వెంకటేశం నర్సన్నకూ లచ్చయ్యకూ విడిగా ఫోను చేసి సంగతి చెప్పాడు. లచ్చయ్యకు ముందు అర్థం కాలేదు.

"అంటె నేను తప్పు చెప్పాలెనా?"

"ఔ లచ్చన్నా. ఎప్పటి తీరుగనే."

"గదేంది, నేనెప్పుడన్న తప్పు చెప్పిన్నా?"

ఆ తర్వాత బాలమణికి చేశాడు. ఆమె ససేమిరా అంది.

"మొగోళ్ల పాటల పంచాయితిల నేనేం మాట్లాడుతనన్నా?"

"ఎక్కువ లేదు చెల్లె. ఒక్క అబద్ధం ఆడాలె." ఏమి అనాలో చెప్పాడు.

బాలమణి నవ్వింది. ఆ నవ్వు వినక ఎన్నాళ్లయిందో. "అయ్యో అన్నా! గా మాటంటె ఆయన నన్ను కొరికి తింటడు."

"తిననియ్యి. తినాల్నంటె ముందు నోరు తెరువాలె గద."

శుక్రవారం వచ్చింది. వెంకటేశం గంజు మీద కోటు పరిచాడు. తలుపు వేసుకోలేదు, మొగిలవ్వ లోపలికే వచ్చి ఒక కుర్చీ దించుకుని కూర్చుంది కాబట్టి. రీడు రెండుసార్లు కీచుమంది. "భయపడుతున్నవా?" అంది ఆమె. అతను జీపు దిగిన పాట మొదటి ముక్క వాయించి పంపాడు. బాలమణిని కూడా ఆటలో కలిపాడు.

నర్సన్న అరిచాడు: "గిది నాకెర్కే! కుర్చీ ఇరిగిన పాట!"

నీలం గీతలు.

లచ్చయ్య: "కుర్చీ కాదు, గిది సామేలు పెండ్లిల కొట్టిన పాట. గని ఆ దినం డ్రమ్ము కొట్టింది నేను. నా పెద్ద డ్రమ్ము మోతల చిన్న డ్రమ్ము ఇనవడనే లేదు."

తెర పైన అక్షరాలు వెలిగాయి. రికార్డు చేస్తున్నారు. ఆరిపోయాయి. మళ్లీ వెలిగాయి. ఆరిపోయాయి. వెంకటేశం మొగిలవ్వ ముఖంలోకి చూశాడు. "బాలమణేదయ్యా?" అంది ఆమె గుసగుసగా.

బాలమణి గొంతు వచ్చింది.

"లచ్చన్న చెప్పింది నిజమే అన్నా. ఆయన జీపు దిగనే లేదు. నా పక్కకే కూసున్నడు. తాళం తప్పుతనేమో అని భయపడి దిగలే."

ఈసారి అక్షరాలు వెలిగి, అట్లాగే నిలబడ్డాయి. ఎంతసేపటికీ ఆరలేదు.

వచ్చింది.

"ఎవడు దిగలేదు? నేనా? నేను తాళం తప్పుతనా? బాలమణీ, నువ్వు గూడ గట్లనే అంటివా! నడిసే జీపులకెల్లి దునికింది నేను! గులాబీల ముండ్లు ఎదల గుచ్చుకున్నయ్, ఇప్పటికి మచ్చ ఉన్నది, సూసుకో! లచ్చన్నా, నీ డ్రమ్ము సంగతి నువ్వే చెప్పాలె, ఆ దినం నువ్వు సగం తొవ్వల జిలేబీ కాడ ఆగలేదా? నర్సన్నా, నీకేం రోగం? కుర్చీ ఇరిగిన పాట నడుసుకుంట పోతది, గిది ఉరుకుతది! ఉరుకుతది గని పారిపోదు! గిట్ల! ఇనుండ్రి, గిట్ల!"

ఏదో ఖాళీ డబ్బా లాగిన చప్పుడు. దాని మీద తాళం మొదలైంది. మొదట కోపంగా, తర్వాత సర్దుకుని, తర్వాత ఒకప్పుడు రోడ్డు మీద మోగినట్టే. మధ్యలో ఇంకెవరివో చప్పట్లు కలిశాయి. ఎవరో హిందీలో "వాహ్ భాయ్" అన్నారు. ఎవరో ఈల వేశారు. ఆ గదిలో ఎంతమంది ఉన్నారో తెలియదు గానీ, అందరూ అప్పటిదాకా గోడల వైపు తిరిగి పడుకున్నవాళ్లే అయి ఉంటారు. తాళం ఠక్కున ఆగింది.

ఆ తర్వాత ఇంకో చిన్న ముక్క వచ్చింది. గొంతు మారిపోయి ఉంది.

"వెంకటన్నా. కావాల్నని చేసిన్రు గద?"

బాలమణే జవాబిచ్చింది. "ఔ."

వెంకటేశం వెంటనే అందరినీ కలిపి ఫోను చేశాడు, బొమ్మ కనబడేటట్టు. ఈసారి సామేలు ఎత్తాడు. చిక్కిపోయాడు. గడ్డం పెరిగింది. ముఖం పక్కకు తిప్పుకుని ఉన్నాడు. మొగిలవ్వ భర్త భుజం మీదినుంచి తొంగిచూసి అంది:

"గా గడ్డమేందయ్యా సామేలూ? సిన్మల చేరినవా?"

సామేలు నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు చెప్పాడు. కంపెనీ మూతపడటం, సేటు మాయం కావటం, ఎవరో మంచివాళ్లు బియ్యం తెచ్చి ఇస్తే కలిసి వండుకోవటం, కాగితాల కోసం రోజూ ఎదురు చూడటం.

"పాట పేరు చెప్పినంక మీరు ఎట్లున్నవని అడుగుతరన్నా. అబద్ధం చెప్పాలె. గందుకే గోడ దిక్కు తిరిగి ఇనుకుంట ఉన్న. డ్రమ్ము తెస్తనని చెప్పి పోతిని. ఇప్పుడు ఏ మొఖం పెట్టుకొని రావాలె?"

లచ్చయ్య టీ కొట్టు చప్పుడులోంచి అడ్డు వచ్చాడు. "నీ మొఖం ఎవలు సూస్తర్రా? మాకు గా చేతులు కావాలె. పట్టుకొని రా."

"బుద్ధి లేదు నీకు," అంది బాలమణి. కోపంగానే అంది. "నేను బీడీలు చేస్తున్న, పిల్లలు బడికి పోతున్నరు. మేము మునిగిపోలేదు. నువ్వు మంచిగున్న అని ఫోన్ పెట్టేసినప్పుడు మునిగినట్టైంది నాకు. ఇంకోపారి నాతోని గిసొంటి అబద్ధం ఆడిపియ్యకు. జీపు దిగలేదనంగ నాలుక తిరుగలే."

ఆ రోజు తర్వాత బాలమణి ఆటలోంచి పోలేదు. సామేలు గెలిచినట్టే కాబట్టి వచ్చే వారం పొడుపు అతనిది. క్యాంపులోని అదే ఖాళీ రంగుల డబ్బా మీద ఒక తాళం కొట్టి పంపాడు. ముగ్గురు పెద్దమనుషులూ తల పట్టుకున్నారు. ఏ పెండ్లిదో దొరకలేదు. బాలమణి ఒక్క క్షణంలో చెప్పింది: "గిది పెండ్లి పాట కాదు. నేను బీడీలు చేస్తుంటె నా చాట మీద కొట్టేది. తంబాకంత కింద పోసేది." సామేలు ఒప్పుకోక తప్పలేదు. మొగిలవ్వకు అసూయ పుట్టింది. "నన్ను గూడ కలుపు. గంజులు తోముకుంట నేను ఎన్ని పాటలు ఇన్ననో మీకేమెర్క," అని వెంకటేశం మీదికి వచ్చింది. కలిపాడు. కలిపిన మొదటి వారమే లచ్చయ్యను ఓడించింది. అయితే అది పెద్ద గొప్ప కాదని నర్సన్న అన్నాడు.

కాగితాలు తొందరగా రాలేదు. నడుమ నర్సన్న కార్ఖానాలో కూడా పని లేక సాంచాలు ఆగిపోయాయి. ఆ శుక్రవారం అతను అరవకుండా మామూలు గొంతుతో జవాబు చెప్తే అందరూ కంగారుపడ్డారు. సామేలు మస్కట్ నుంచి అడిగాడు, "నర్సన్నా, నువ్వు గోడ దిక్కు తిరుగలేదు గద?" "లేదురా తమ్మీ, తిరుగుతె మీరు ఊకుంటరా?" అన్నాడు నర్సన్న. కొన్ని వారాలకు సాంచాలు మళ్లీ మొదలయ్యాయి, అతని అరుపూ మొదలైంది.

చివరికి సామేలు వచ్చాడు. హైదరాబాదులో దిగి, సిరిసిల్ల బస్సెక్కానని చెప్పాడు. వెంకటేశం కోరుట్ల నుంచి క్లారినెట్ సంచి చంకలో పెట్టుకుని, మొగిలవ్వను వెంటబెట్టుకుని సిరిసిల్ల బస్టాండుకు వచ్చాడు. లచ్చయ్య టీ కొట్టుకు తాళం వేసి వచ్చాడు. నర్సన్న కార్ఖానా నుంచి మెడ మీద దూదిపింజలతోనే వచ్చాడు. బాలమణి అందరికన్నా ముందే వచ్చి, బస్టాండులో ఒక బెంచీ మీద కూర్చుని, ఎవరు పలకరించినా ముక్తసరిగా మాట్లాడుతోంది.

బస్సు ఆగింది. సామేలు దిగాడు. ఒక చేతిలో చిన్న బ్యాగు. రెండో చేతిలో, క్యాంపులో కొట్టిన రంగుల డబ్బా. పిడికి గుడ్డ చుట్టి, మూత తాడుతో కట్టి, భద్రంగా పట్టుకుని దిగాడు.

"గిదేందిర?" అన్నాడు లచ్చయ్య.

"డ్రమ్ము తెస్తనన్న గద," అన్నాడు సామేలు. "విమానంల అడిగిండ్రు గిదేందని. బాజా అని చెప్పిన."

నర్సన్న అతన్ని ఎత్తుకున్నంత పని చేశాడు. మొగిలవ్వ అతని గడ్డం పట్టుకుని గుంజి చూసింది. బాలమణి బెంచీ మీదినుంచి లేచి వచ్చి అతని చేతిలోంచి బ్యాగు తీసుకుంది. రెండో చేత్తో అతని చొక్కా పట్టుకుని, వదలలేదు.

కోనరావుపేట బస్సుకు ఇంకా టైముంది. వెంకటేశం అక్కడే బెంచీ మీద కూర్చుని క్లారినెట్ బిగించాడు. చుట్టూ మూటలతో నిలబడ్డవాళ్లు, బత్తాయిలు అమ్మేవాళ్లు ఇటు తిరిగారు. అతను జీపు దిగిన పాట మొదటి ముక్క వాయించాడు. పల్లవి రాకముందే, అలవాటుగా, ఆపేశాడు.

సామేలు డబ్బా బోర్లించి, చేతులు దాని మీద పెట్టి, తాళం మొదలుపెట్టకుండా అందరి మొహాల్లోకి చూశాడు. "ముందు చెప్పుండ్రి. గిదేం పాట?"

నర్సన్న నోరు మూసుకున్నాడు. లచ్చయ్య "గు" అనబోయి ఆగాడు.

బాలమణి బ్యాగు గొలుసు సర్దుకుంటూ, తల కూడా ఎత్తకుండా అంది:

"కుర్చీ ఇరిగిన పాట."